స్మారక వనం నాటాలనుకుంటే: మనిషికో చెట్టా, అందరికీ కలిపి ఒక తోపా?

పోయినవాళ్ల పేరు మీద మొక్కలు నాటుదామని నలుగురు కూర్చోగానే మాటలన్నీ ఏ మొక్క, ఏ రోజు, ఎవర్ని పిలుద్దాం అన్న చోటే తిరుగుతాయి. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. దాన్ని ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు: వీటిలో ఒక మొక్క చచ్చిపోతే ఏం చేస్తాం? మామూలుగా నాటిన మొక్కల్లో పది ఎండితే లెక్కలో పది తగ్గుతాయి, అంతే. ఇక్కడ ఎండిన మొక్క పక్కన ఒక పేరుంటుంది. ఏడాది తిరిగాక చూడవచ్చిన తల్లికి కొడుకు పేరున్న పలక, దాని పక్కన ఎండుపుల్ల కనిపిస్తే ఆమె దుఃఖం మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే స్మారక వనానికి ఉన్న అయిదు పద్ధతుల్ని అందాన్ని బట్టో ఖర్చును బట్టో కాకుండా రెండు ప్రశ్నలతో పోల్చాం. మూడేళ్లు నీళ్లెవరు పోస్తారు? మొక్క పోతే పేరు ఏమవుతుంది? ఈ రెంటికీ గట్టి జవాబున్న పద్ధతే వాతావరణానికీ మేలు చేస్తుంది. ఎండిపోయిన మొక్క గాలిలోంచి కార్బన్ లాగదు కదా.

మనిషికో చెట్టు

అందరికీ ముందు తట్టేది ఇదే. మనసుకి దగ్గరగా ఉంటుంది, ‘ఇది నాన్న చెట్టు’ అని చూపించుకోవచ్చు. సరిగ్గా చేస్తే ఎంత బాగుంటుందో మాడ్రిడ్‌లో చూడొచ్చు. 2004 మార్చి 11న రైళ్లలో జరిగిన బాంబు పేలుళ్లలో చనిపోయిన 191 మందికీ, ఆ కేసులో నిందితుల్ని పట్టుకోబోయి ప్రాణం పోగొట్టుకున్న ఒక పోలీసుకీ కలిపి రెటీరో పార్కులో 192 చెట్లు నాటారు, ఆలివ్, సైప్రస్ జాతులవి. అయితే అది నగరం నడిబొడ్డున ఉన్న పార్కు. తోటమాలులు, నీళ్లు, కాపలా అన్నీ ఎప్పుడూ ఉండే చోటు. ఊరి చివర బీడులో అదే నమూనా దించితే అదే ఫలితం రాదు.

నూరు మంది పేర్లున్నాయనుకోండి. కొమ్మలు విశాలంగా పరుచుకునే చెట్లకి 25 అడుగుల ఎడం కావాలి. అంటే చెట్టుకి 625 చదరపు అడుగులు, నూటికి 62,500. దాదాపు ఎకరా 43 సెంట్లు. పది అడుగుల ఎడంతో సర్దితే 23 సెంట్లు చాలు గానీ, పదేళ్లకి కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అప్పుడు కొన్నిటిని తీసెయ్యాలి. ఎవరి పేరున్న చెట్టుని నరుకుతారు? ఈ పద్ధతిలో ఎడం విషయంలో పిసినారితనం పనికిరాదనేది ఇందుకే.

నీళ్ల లెక్క కూడా చూడండి. మొదటి ఏడు వానల్లేని రోజుల్లో మొక్కకి వారానికి 15 లీటర్లన్నా పడాలి. నూరు మొక్కలకి ఒక్క తడికి 1,500 లీటర్లు. ఆరు నెలల పొడికాలానికి 26 తడులు, మొత్తం 39,000 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఇసుక నేలైతే ఇది చాలదు, వారానికి రెండు తడులు ఇవ్వాలి. ‘ఎవరి మొక్కకి వాళ్లే పోసుకుంటారు’ అనే ఏర్పాటు మూడు నెలల్లో చెదిరిపోతుంది. ఒకరు ఊరు మారతారు, ఇంకొకరికి ఆ చోటికి రావడమే భారంగా ఉంటుంది. దుఃఖంలో ఉన్న మనిషి మీద బిందెల పని పెట్టడం ధర్మం కూడా కాదు.

పేర్లు ఇరవై, పాతిక లోపు ఉండి, పక్కనే బోరో కుళాయో ఉండి, జీతమిచ్చి పెట్టుకున్న మనిషో మూడేళ్లు పూచీ పడే సంస్థో ఉంటే ఈ పద్ధతి ఎంచుకోండి. లేకపోతే వద్దు.

పేర్లు రాతి మీద, చెట్లు నేల మీద

న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11 స్మారకం చూడండి. అక్కడ 2,983 పేర్లు కంచు పలకల మీద చెక్కి ఉంటాయి. ప్రాంగణంలో నాలుగు వందలకి పైగా స్వాంప్ వైట్ ఓక్ చెట్లున్నాయి, వాటిలో ఏదీ ఏ ఒక్కరిదీ కాదు. ఒక ఓక్ చెట్టు జబ్బుపడితే తీసి ఇంకొకటి పెడతారు, పేర్లకి ఏమీ కాదు. ఈ ఏర్పాటులో ఉన్న సుఖం మొదటిరోజు అర్థం కాదు, మొదటి వేసవిలో అర్థమవుతుంది.

ఎక్కువమందికి మా సలహా ఇదే. పేర్లన్నీ ఒకే రాయి మీదో గోడ మీదో ఉండాలి. చుట్టూ ఉమ్మడి తోపు. చెట్ల సంఖ్యకీ పేర్ల సంఖ్యకీ ముడిపెట్టొద్దు. నేల ఎన్ని చెట్లని మొయ్యగలదో అన్నే నాటండి. నూరు మంది పేర్లకి నలభై చెట్లే ఉన్నా ఎవరికీ లోటు కాదు.

తోపులో మరో లాభం, జాతులు కలపొచ్చు. మనిషికో చెట్టు అన్నప్పుడు తేడా రాకూడదని అందరికీ ఒకే జాతి పెట్టేస్తారు. పోటీలు, నొచ్చుకోవడాలు ఉండవు నిజమే, కానీ ఒక్క తెగులు వస్తే అంతా ఒకేసారి పోతుంది. బ్రిటన్‌లో యాష్ చెట్లకి జరిగింది అదే. కొమ్మల్ని చివర్ల నుంచి ఎండబెట్టే శిలీంధ్రం అక్కడ 2012లో బయటపడింది, అప్పట్నుంచి రోడ్ల పక్కన, పార్కుల్లో యాష్ చెట్లు కొట్టేస్తూనే ఉన్నారు. పట్టణాల్లో చెట్లు పెంచేవాళ్లు పాటించే ఒక లెక్కని అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమోర్ 1990లో చెప్పాడు: మొత్తం చెట్లలో ఒకే జాతివి పది శాతం, ఒకే ప్రజాతివి (దగ్గరి జాతుల గుంపు) ఇరవై, ఒకే వృక్ష కుటుంబానివి (దగ్గరి ప్రజాతుల గుంపు) ముప్పై శాతం మించకూడదు. నలభై చెట్ల తోపులో దీన్ని తూచా తప్పకుండా పాటించడం కష్టం. కనీసం ఎనిమిది, పది జాతులు ఉండేలా చూసుకుంటే చాలు.

ఏ జాతులన్నదానికి జాబితా ఇవ్వం, ఎందుకంటే అది నేలని బట్టి మారిపోతుంది. దారి మాత్రం తేలిక. నాటబోయే చోటికి నాలుగైదు కిలోమీటర్ల లోపు, ఎవరూ నీళ్లు పోయకుండా యాభై ఏళ్లుగా బతుకుతున్న చెట్లేవో తిరిగి చూసి రాసుకోండి. ఆ జాబితా ఏ నర్సరీ కేటలాగు కంటే నమ్మదగ్గది. త్వరగా పెరుగుతుందని ఎవరైనా ఊరిస్తే జాగ్రత్త. ఏపుగా పెరిగే చెట్లు చాలావరకు మెత్తటి కలపవి, గాలివానకి ముందు విరిగేవి అవే. కోనోకార్పస్ లాంటివి నీటి పైపుల్లోకీ డ్రైనేజీల్లోకీ వేర్లు దూరుస్తాయి. మర్రి, రావి లాంటివి వందల ఏళ్లు నిలుస్తాయి, స్మారకానికి అంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది, కానీ పేర్లు చెక్కిన గోడకి నలభై అడుగుల లోపు పెడితే ఆ గోడని చీల్చేది అవే.

ఇక ఏదైనా ప్రసిద్ధ చెట్టు గింజో పిల్లమొక్కో తెచ్చి నాటాలని కొందరికి ఉంటుంది. హిరోషిమాలో అణుబాంబు పడిన చోటికి సుమారు రెండు కిలోమీటర్ల లోపల బతికి బయటపడ్డ చెట్లు 160 దాకా ఉన్నాయి, వాటి గింజలు వేర్వేరు దేశాలకి వెళ్లాయి. న్యూయార్కు శిథిలాల్లో 2001 అక్టోబరులో వేర్లు తెగి, కొమ్మలు కాలిపోయిన ఒక బేరి చెట్టు దొరికింది. తొమ్మిదేళ్లు పెంచి 2010లో మళ్లీ అక్కడే నాటారు. దాని పిల్లమొక్కల్ని విషాదాలు చూసిన ఊళ్లకి ఇస్తున్నారు. గొప్ప సంగతే. కానీ ఆ బేరి జాతి అమెరికాలో చాలాచోట్ల అడవుల్లోకి పాకిపోయి స్థానిక చెట్లని తొక్కేస్తోంది, ఒహాయో రాష్ట్రమైతే 2023 నుంచి దాని అమ్మకాన్నే నిషేధించింది. గుర్తుగా ఒక్క చెట్టు పర్వాలేదు. వనమంతా అదే జాతి వద్దు.

మియావాకీ చిట్టడవి

జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ పేరు మీద నడుస్తున్న ఈ పద్ధతిలో చదరపు మీటరుకి మూడు మొక్కల చొప్పున, ఆ నేలకి సహజమైన జాతుల్ని కలగలిపి కిక్కిరిసి నాటుతారు. నూరు చదరపు మీటర్లకి, అంటే రెండున్నర సెంట్లకి, మూడు వందల మొక్కలు. ముందుగా నేలని మీటరు లోతు దాకా గుల్లచేసి ఎరువు కలుపుతారు. రెండు మూడేళ్లు నీళ్లు, కలుపు చూసుకుంటే ఆ తర్వాత వదిలెయ్యొచ్చు.

జాగా చిన్నది, జనం ఎక్కువ అయినప్పుడు ఇది బాగా కుదురుతుంది. మూడు వందల మంది వచ్చినా ఒక్కొక్కరికి ఒక మొక్క చేతికి దొరుకుతుంది. కానీ ఒకటి ముందే అందరికీ చెప్పాలి. ఈ పద్ధతిలో మొక్కలు వెలుతురు కోసం పోటీపడతాయి, ఓడినవి చచ్చిపోతాయి. అది వైఫల్యం కాదు, అడవి అలాగే తయారవుతుంది. కనుక ఇందులో ఏ మొక్కకీ పేరు పెట్టకూడదు. పెట్టారంటే ఎవరి మొక్క గెలిచింది, ఎవరిది ఓడింది అనే లెక్క మొదలవుతుంది. పైగా అయిదేళ్లకి లోపలికి మనిషి దూరలేడు. చెట్టు కింద కాసేపు కూర్చోవాలనుకునే కుటుంబానికి ఈ అడవి బయటి నుంచి చూసే పచ్చటి గోడే. మధ్యలో ఆరడుగుల బాట, చివర ఒక అరుగు మొదట్లోనే వదిలిపెట్టుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

ఒక్క మొక్కా నాటకుండా

ఇది చెప్పగానే మొహాలు చిన్నబోతాయి గానీ, వాతావరణం కోణంలో చాలాచోట్ల ఇదే అన్నిటికంటే గట్టిది. కొట్టేసిన అడవిలో మోడులు, గింజలు ఇంకా బతికే ఉంటాయి. పశువుల్నీ నిప్పునీ ఆపితే అవే లేస్తాయి. ఆఫ్రికాలోని నైజర్ దేశంలో 1980లలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు రైతులతో కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇదే. నాటిన మొక్కలు ఏటా ఎండిపోతుంటే, పొలంలో పొదల్లా కనిపించేవి నిజానికి నరికేసిన చెట్ల మోడుల నుంచి వచ్చిన పిలకలని ఆయన గమనించాడు. వాటిని కాపాడితే చాలనుకున్నారు. అలా ఆ దేశంలో 50 లక్షల హెక్టార్లకి పైగా చెట్లు తిరిగొచ్చాయి.

పని సులువు. ఒక్కో మోడుకి గట్టిగా, నిటారుగా ఉన్న మూడు నుంచి అయిదు పిలకలు ఉంచి మిగతావి మొదలుకంటా కోసెయ్యాలి. ఉంచినవాటికి కింది సగం ఎత్తు వరకు పక్కకొమ్మలు తీసెయ్యాలి. ఏటా ఒకసారి కొత్తగా వచ్చిన పిలకల్ని తుంచాలి. భూమిలో వేరు ముందే ఉంది కాబట్టి నీళ్లు పోసే పని లేదు. కూడి చెయ్యడానికీ ఇది బాగుంటుంది. పిల్లలు గుర్తులు కడతారు, పెద్దవాళ్లు కత్తి పడతారు. నరికేసిన చోటు నుంచి మళ్లీ చిగురు రావడం చూసినవాళ్లకి స్మారకమంటే ఏమిటో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

చెట్టే నాటకూడని నేలలూ ఉన్నాయి. సహజమైన గడ్డిమైదానాలు, చిత్తడి నేలలు ఖాళీ స్థలాలు కావు. స్కాట్లాండ్ ఉత్తరాన ఫ్లో కంట్రీ అనే పీట్ నేలల్లో (నీటిలో పూర్తిగా కుళ్లని మొక్కలు పేరుకుని ఏర్పడిన చిత్తడి నేలలు) 1980లలో కాలవలు తవ్వి, నీరు తీసేసి సూదాకు చెట్లు నాటారు. వేల ఏళ్లుగా నీటి కింద నిలవ ఉన్న కార్బన్‌కి గాలి తగిలింది, ఆ నేల కుళ్లి దాన్ని వదలసాగింది. ఇప్పుడు ఆ చెట్లనే నరికి, కాలవలు పూడుస్తున్నారు. ‘బీడుగా ఉందిగా’ అని ఎవరైనా గడ్డినేల చూపిస్తే, ఆ బీడు ఎప్పట్నుంచి బీడో అడగండి. మునుపు అక్కడ అడవే లేకపోతే వేరే చోటు చూసుకోండి.

డబ్బు కట్టి నాటించడం

కుటుంబం నాలుగు దేశాల్లో చెదిరి ఉంటే ఇదొక్కటే దారి కావచ్చు. పేరుతో ఒక ధ్రువపత్రం వస్తుంది, ఎక్కడో మొక్క నాటుతారు. తప్పేం లేదు, కాకపోతే ధ్రువపత్రం మీద ‘నాటాం’ అని ఉంటుంది, ‘బతికుంది’ అని ఉండదు.

2019 నవంబరు 11న టర్కీలో దేశమంతా కలిసి కోటి పది లక్షల మొక్కలు నాటారు. చోరుమ్ అనే చోట ఒక్క గంటలో 3,03,150 నాటి గిన్నిస్ రికార్డు కొట్టారు. కొన్ని నెలలకే అక్కడి వ్యవసాయ, అటవీ ఉద్యోగుల సంఘం, తాము చూసిన చోట్ల 90 శాతం దాకా ఎండిపోయాయని చెప్పింది. అదను తప్పి నాటడం, వాన లేకపోవడం, నాటినవాళ్లకి పని రాకపోవడం కారణాలంది. ప్రభుత్వం ఆ లెక్క ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా రికార్డులు కొలిచేది గంటలో ఎన్ని గుంతలు పూడాయన్నదే.

కాబట్టి డబ్బు కట్టేముందు సంస్థని అడగాల్సినవి: మూడేళ్ల కిందట నాటిన చోట ఇవాళ ఎన్ని బతికున్నాయి, ఆ లెక్క ఎవరు తీశారు? నేల ఎవరిది, ఎన్నేళ్ల ఒప్పందం? ఏయే జాతులు, ఎన్నేసి? చచ్చిన మొక్కకి బదులు పెట్టే ఖర్చు ఇందులోనే ఉందా? ఒకే మొక్కని ఇద్దరి పేరు మీద రాయడం జరగదని ఎలా తెలుస్తుంది? మొదటి ప్రశ్నకి శాతంలో జవాబు చెప్పలేకపోతే మిగతావి అడగక్కర్లేదు. నూటికి నూరూ బతికాయని చెప్పే సంస్థనీ నమ్మక్కర్లేదు.

కార్బన్ లెక్క

ఎండిన కలప బరువులో సగం కార్బన్. దాన్ని 3.67తో గుణిస్తే ఆ చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. వేర్లతో కలిపి 500 కిలోల పొడిబరువున్న చెట్టులో 250 కిలోల కార్బన్, అంటే సుమారు 917 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు వస్తుంది కాబట్టి ఇది 400 లీటర్ల పెట్రోలుకి సమానం. ఆ బరువుకి చేరడానికి చెట్టుకి దశాబ్దాలు పట్టొచ్చు.

మరి రెండు కిలోల పొడిబరువున్న పిల్లచెట్టో? 3.67 కిలోలు. నూరు పిల్లచెట్లు కలిపి 367. నాటే రోజుకి నూరు కార్లు తలా అయిదు లీటర్లు కాల్చుకుంటూ వస్తే 1,150 కిలోలు వదిలారన్నమాట. బస్సులో రండి.

నాటే రోజు తప్పులు

ఏ పద్ధతి ఎంచుకున్నా మొక్కలు ఎక్కువగా పోయేది నాటిన రోజు చేసిన తప్పుల వల్లే, అవి బయటపడేది మాత్రం ఆర్నెల్లకి.

తేదీ. వర్ధంతి రోజే నాటాలనే పట్టింపు మొక్కకి తెలీదు. వానాకాలాలున్న నేలల్లో రెండు మంచి వానలు పడి, నేల అడుగు లోతు దాకా తడిశాక నాటాలి. చలిదేశాల్లో ఆకు రాల్చిన చెట్టు మళ్లీ చిగురు తొడగక ముందు. వర్ధంతి నడివేసవిలో వస్తే ఆ రోజు పేర్ల రాయి ఆవిష్కరించండి, మొక్కలు వానలకి నాటుకోండి.

నేల. నెల ముందే ఒక గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అక్కడ చాలా చెట్లకి వేర్లు కుళ్లుతాయి. చోటు మార్చాలి, లేదా నీళ్లలో నిలిచే జాతులే ఎంచుకోవాలి.

మొక్క. రెండు మూడడుగుల మొక్క చాలు. పదడుగుల చెట్టు నాటితే ఫొటోలో బాగుంటుంది, కానీ తవ్వి తీసేటప్పుడే దాని వేర్లలో ఎక్కువ భాగం నర్సరీలో ఉండిపోతుంది. కాండం అంగుళం మందానికి సుమారు ఏడాది చొప్పున కోలుకోవడానికే సరిపోతుంది. ఈలోగా చిన్నమొక్క దాన్ని దాటిపోవడం మామూలే. కొనేటప్పుడు ఒక మొక్క కవరు చించి చూపించమనండి. వేర్లు కవరు గోడ వెంట చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ సరుకు వద్దు. ఆ చుట్ట భూమిలో కూడా విప్పుకోదు, కాండంతోపాటు లావెక్కి పదో ఏట, పదిహేనో ఏట చెట్టుకి తనే ఉరి వేస్తుంది. కొద్దిగా చుట్టుకుని ఉంటే మాత్రం పదునైన బ్లేడుతో వేరుముద్దకి నాలుగు వైపులా, పై నుంచి కింద దాకా ముప్పావంగుళం లోతు గాట్లు పెట్టి నాటొచ్చు.

గుంత. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో ముందే తవ్వించి పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పొయ్యాలి. వేరుముద్ద ఎనిమిది అంగుళాలే ఉంటుంది కాబట్టి అడుగున మట్టి తిరిగి పోసి కాళ్లతో తొక్కి గట్టిచెయ్యాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తొక్కకుండా గుల్లమట్టి మీద నాటితే మొదటి పెద్ద వానకి మట్టి దిగుతుంది, మొక్క కూడా దిగుతుంది, కాండం అరడుగు మట్టిలో కూరుకుంటుంది. కాండం వేరుగా మారే చోట బెరడుకి గాలి ఆడాలి, ఎప్పుడూ తడి మట్టి ఆనుకుని ఉంటే అది కుళ్లిపోతుంది. ఆ చోటు నేలమట్టానికి వేలెడు పైన ఉండేలా నాటండి. దిగినా సరిపోతుంది.

ఎరువు ప్రేమకొద్దీ దట్టించొద్దు. మూడు వంతుల అదే మట్టి, ఒక వంతు బాగా చివికిన ఎరువు. బంకమట్టి నేలలో గుంత నిండా ఎరువుమట్టే పోస్తే అది తొట్టిలా నీళ్లు పట్టేస్తుంది, వేర్లు కూడా ఆ మెత్తటి చోటు వదిలి బయటికి పోవు. గుంత గోడల్ని గునపంతో గీకి గరుకు చెయ్యడం మర్చిపోకండి.

మనుషులు. గుంతకి నలుగురు: ఒకరు మొక్క పట్టుకోవాలి, ఇద్దరు మట్టి నింపాలి, ఒకరు నీళ్లు తేవాలి. పది గుంతలకి పని తెలిసిన మనిషి ఒకరు తిరుగుతుండాలి. ఆ మనిషి చూడాల్సినవి నాలుగు: కవరు పూర్తిగా తీశారా, మొక్కని కాండం పట్టి కాకుండా వేరుముద్ద కింద చెయ్యి వేసి ఎత్తుతున్నారా, లోతు సరిగ్గా ఉందా, పాదు కట్టి వెంటనే 15 లీటర్లు పోశారా. మట్టిలో మిగిలిన గాలిబుడగల్ని సర్దేది ఆ మొదటి తడే. సాయంత్రం వాన వస్తుందిలే అని వదిలేసిన మొక్కలే ముందు వాడతాయి.

ఉపన్యాసాలు నాటడం అయ్యాక పెట్టుకోండి. కవర్లు చించిన మొక్కల్ని ఎండలో వరుసగా పేర్చి గంటన్నర మాట్లాడితే సన్నవేర్లు అప్పుడే ఎండిపోతాయి. నీళ్లు తాగేవి ఆ సన్నవేర్లే.

ఊతకర్ర అవసరమైతేనే పెట్టండి, అదీ మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టిన గుడ్డపీలికతో. గాలికి కాస్త ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఏడాదికి తీసెయ్యాలి. ఎండుటాకులు, గడ్డి పాదులో మూడు నాలుగు అంగుళాల మందం పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు దూరంగా. కాండానికి ఆనించి కుప్పపోస్తే ఎలుకలకీ చెదలకీ ఇల్లు కట్టిచ్చినట్టే. నీళ్లు మోసే దూరం ఎక్కువైతే మెరుగు పూయని మట్టికుండ ఒకటి మొక్క పక్కన మెడదాకా పాతి మూత పెట్టండి. నింపితే మెల్లగా చెమరుస్తూ వేరుకి అందుతుంది, ఎండకి ఆవిరైపోదు.

పేరు పలక, చితాభస్మం

పలకని చెట్టుకి తీగతో కట్టకండి, మేకు కొట్టకండి. కాండం లావవుతున్న కొద్దీ తీగ బెరడులోకి దిగి, ఆకులు తయారుచేసిన ఆహారం వేర్లకి పోయే దారిని కోసేస్తుంది. అయిదో ఏట ఏ తెగులూ లేకుండా చెట్టు ఎండితే ముందు మెడలో తీగ వెతకండి. ప్లాస్టిక్ పలకలు రెండు వేసవులకి పెళుసెక్కుతాయి, ఫ్లెక్సీ అక్షరాలు వెలిసిపోతాయి. రాతి మీద చెక్కిందే నిలుస్తుంది. తర్వాత చేరే పేర్లకి మూడో వంతు జాగా ఖాళీగా ఉంచండి, అక్షరదోషాలు దొర్లకుండా, చెక్కకముందే పేర్లు ప్రతి కుటుంబానికీ చూపించి సంతకం తీసుకోండి.

చితాభస్మం మొక్క మొదట్లో కలపాలని చాలామంది అడుగుతారు. బూడిద మొక్కకి బలం అనుకుంటాం గానీ, చితాభస్మంలో ఉప్పు ఎక్కువ, క్షారగుణం మరీ ఎక్కువ. రెండు మూడు కిలోలు ఒకే గుంతలో పోస్తే లేతవేర్లు మాడిపోతాయి. పిడికెడు తీసుకుని ఒక తట్టెడు మట్టిలో కలిపి, వేరుముద్దకి తగలకుండా గుంత అంచున పొయ్యండి. మిగతాది బాగా ఎదిగిన పెద్ద చెట్టు కింద, కొమ్మల నీడంతా పలచగా చల్లొచ్చు. నేల యజమాని అనుమతి, స్థానిక నిబంధనలు ముందే చూసుకోండి.

ఒప్పుకోలు కాగితం

నాటకముందే ఒక పేజీ రాసుకుని అందరూ సంతకాలు పెట్టాలి. నేల ఎవరిది, కనీసం ముప్పై ఏళ్లు దాన్ని వేరే పనికి వాడబోమని రాతపూర్వకంగా ఉందా, పైన కరెంటు తీగలు, పక్కన రోడ్డు వెడల్పు చేసే ప్రతిపాదన ఉన్నాయా, నీళ్ల ఖర్చు మూడేళ్లకి ఎక్కడి నుంచి వస్తుంది. అద్దె ఇంటి పెరడు, అమ్మకానికి వచ్చే అవకాశమున్న స్థలం స్మారకానికి పనికిరావు. ఎంత దగ్గరగా ఉన్నా సరే.

ఇంకో వాక్యం కచ్చితంగా ఉండాలి: మొక్క చనిపోతే నెల లోపు కుటుంబానికి చెప్పి, వచ్చే అదనులో అక్కడే ఇంకొకటి నాటుతాం, పేరు ఉన్నచోటే ఉంటుంది. ఇది నాటకముందు చెబితే అందరూ తలూపుతారు, మొక్క ఎండిన తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

బదులు మొక్కల్ని కూడా అదే రోజు సిద్ధం చెయ్యండి. నూరు నాటుతుంటే పదిహేను ఎక్కువ కొని నీడలో, పెద్ద కవర్లలో పెంచండి. ఏడాదికొకసారి ఇంకో సైజు పెద్ద కవర్లోకి మార్చండి, మార్చేటప్పుడల్లా చుట్టుకున్న వేర్లు కత్తిరించండి. రెండో వర్షాకాలంలో ఖాళీ పడిన చోట నాటేసరికి అవి పక్కవాటితో సమానంగా ఉంటాయి. మూడో వర్షాకాలం దాటాక ఇంకా మిగిలినవి ఉంటే వచ్చిన కుటుంబాల చేతికి ఇచ్చెయ్యండి, ఇంటి దగ్గర నాటుకుంటారు.